హోమ్ థియేటర్‌లో స్పీకర్ల లెవెల్స్ సరిచేయడం ఎలా?

తిరుపతిలో ఎవరింట్లో హోమ్ థియేటర్ చూసినా ఇదే వరస. బేస్‌కు కిటికీ అద్దాలు అదురుతుంటాయి, డైలాగ్ మాత్రం వినబడదు. వాల్యూమ్ పెంచితే ఫైట్ రాగానే రిమోట్ కోసం వెతుకులాట. స్పీకర్లు మార్చాలనుకునే ముందు లెవెల్స్, అంటే ఒక్కో స్పీకర్ ఎంత శబ్దం ఇస్తోందో, చూసుకోండి.

ఒక సౌండ్ లెవెల్ మీటర్, ఒక ట్రైపాడ్, కొలిచే టేపు ఉంటే చాలు. మీరు కూర్చునే చోటి నుంచి ఒక్కో స్పీకర్ దూరం కొలిచి, స్పీకర్లన్నిటికీ శబ్దం పంపే పెట్టె, అంటే రిసీవర్‌లో ఎక్కించండి. క్రాసోవర్, అంటే ఎన్ని హెర్ట్జ్ కిందిది బేస్ స్పీకరైన సబ్ ఊఫర్‌కు వెళ్లాలో చెప్పే సెట్టింగ్, 80 హెర్ట్జ్ పెట్టండి. ఫ్యాన్, ఏసీ ఆపేయండి. మే నెలలో ఇది శిక్షే, అయినా తప్పదు. దర్శనానికి వచ్చిన చుట్టాలు హాల్లో పడుకుని ఉంటే పని ఇంకో రోజుకు వాయిదా వేయండి.

మీటర్‌ను సి (C) వెయిటింగ్‌లో, అంటే బేస్‌ను కూడా లెక్కలోకి తీసుకునే పద్ధతిలో, అంకె నెమ్మదిగా మారే స్లోలో పెట్టి, చెవి ఎత్తులో ట్రైపాడ్ మీద నిలబెట్టండి. మైకు పైకప్పు వైపు ఉండాలి. చేత్తో పట్టుకుంటే మీ ఒళ్లే శబ్దానికి అడ్డం. రిసీవర్‌లో టెస్ట్ టోన్ (కొలవడానికి వాడే శబ్దం) ఆన్ చేసి, అందులోనే ఎడమ స్పీకర్ లెవెల్‌ను మీటర్‌లో 75 డెసిబెల్స్‌కు తెచ్చి, మిగతావన్నీ దానికి సమానం చేయండి. మధ్యలో మెయిన్ వాల్యూమ్ ముట్టుకోవద్దు. వెనక స్పీకర్లు 'వినబడట్లేదు' అని పెంచేవాళ్లు చాలామంది. అవి ముందువాటికంటే ఒక్క డెసిబెల్ కూడా ఎక్కువ ఉండకూడదు, అంతే.

అందరూ పాడుచేసేది సబ్ ఊఫర్ దగ్గరే. వెనక ఉన్న వాల్యూమ్ నాబ్‌ను ముందు సగానికి తిప్పండి. టోన్ వచ్చినప్పుడు మీటర్ అంకె ఒకచోట నిలవదు, ఎక్కుతూ దిగుతూ ఉంటుంది. కంగారు పడకుండా కాసేపు చూసి మధ్య అంకె తీసుకోండి. మీటర్ పొరపాటున 'ఎ' (A) వెయిటింగ్‌లో ఉంటే 30 హెర్ట్జ్ దగ్గర దాదాపు 40 డెసిబెల్స్ తగ్గించి చూపిస్తుంది. అది చూసి మీరు సబ్ పెంచుకుంటూ పోతారు. పక్కింటివాళ్లతో గొడవ ఇక్కడే మొదలు. ఫోన్ యాప్ మిగతా స్పీకర్లకు ఫరవాలేదు కానీ సబ్‌కు నమ్మకండి, చాలా ఫోన్ల మైకులకు లోతైన బేస్ సరిగా అందదు.

సబ్‌కు 75 రావడానికి రిసీవర్‌లో దాని లెవెల్ మైనస్ 10 దాకా దిగాల్సి వస్తే అక్కడ ఆగి, సబ్ వెనక నాబ్ తగ్గించి మళ్లీ కొలవండి. మన ఇళ్లలో సోఫా వెనక గోడకు ఆనించే ఉంటుంది. గోడ దగ్గర బేస్ పెరుగుతుంది కాబట్టి సోఫాను ఒకటిన్నర అడుగు ముందుకు జరిపాకే కొలవాలి. సబ్‌ను మూల నుంచి కాస్త జరిపినా అంకె మారిపోతుంది.

రిసీవర్‌తో వచ్చే మైకు అంతా ఆటోమేటిక్‌గా చేసేస్తుందంటారు. చేయనివ్వండి. ఆ తర్వాత మీటర్‌తో సరిచూడండి. సబ్ విషయంలో నేను మీటర్‌నే నమ్ముతాను.

ఇంత చేశాక కూడా డైలాగ్ తక్కువనిపిస్తే డైలాగ్ వచ్చే మధ్య స్పీకర్, అంటే సెంటర్‌ను ఒకటి రెండు డెసిబెల్స్ పెంచుకోండి, అంతకు మించి వద్దు. చివరి అంకెలన్నీ కాగితం మీద రాసి రిసీవర్ పక్కన అంటించండి. పిల్లలు రిమోట్‌తో ఆడి సెట్టింగ్ చెరిపేస్తే మళ్లీ ఫ్యాన్ ఆపే పని ఉండదు.