కట్ట కారుతోందా, కుంట బోసిగా ఉందా? వన్యప్రాణుల కుంటల మరమ్మతు

మట్టికట్ట వేసి వన్యప్రాణుల కోసం నీళ్లు నిలిపిన కుంటలో నీటివైపు ఎంత అడవిగా ఉంటే అంత మేలు. కట్ట సంగతి వేరు. దాని మీద పొట్టి గడ్డి తప్ప ఇంకేమీ ఉండకూడదు. పిట్టలు వాలతాయని కట్ట మీద చెట్టు పెంచేవారు, శుభ్రం పేరిట ఒడ్డున జమ్మంతా పీకేసేవారు, ఇద్దరూ కుంటకు చేటు చేసేవారే. కింద చెప్పే తిప్పల్లో సగం అక్కడ పుట్టినవే.

కట్ట వెలుపలి అంచున నీరు కారుతోంది

ముందు ఒక గాజు గ్లాసు తీసుకెళ్లండి. కారే నీటిని పట్టి పది నిమిషాలు కదపకుండా ఉంచండి. తేటగా ఉండి అడుగున ఏమీ పేరుకోకపోతే అది మామూలు ఊట. అసలు కారని మట్టికట్ట అరుదు. నీరు మబ్బుగా ఉన్నా, గ్లాసు అడుగున సన్నని మన్ను పొరలా దిగినా కట్ట లోపలి నుంచి మట్టి కొట్టుకుపోతోందన్నమాట. వెలుపల మొదలైన సన్నని సొరంగం నీటివైపు తొలుచుకుంటూ పోతుంది. అది కుంట నీటిని అందుకుందంటే గండి పడడానికి కొద్ది గంటలు చాలు.

తేట ఊటను ఆపాలని చూడకండి, కొలవండి. చిన్న కాలువ తీసి ఊటను ఒక గొట్టంలోకి మళ్లించి, బకెట్ ఎన్ని సెకన్లలో నిండుతోందో, ఆ రోజు కుంటలో నీటిమట్టం ఎంత ఉందో రాసిపెట్టుకోండి. వానకు మట్టం పెరిగి ఊట పెరిగితే కంగారు లేదు. మట్టం మారకుండా ఊట పెరిగితే లోపల ఏదో తెరుచుకుంటున్నట్లే.

మబ్బు నీరు కనబడితే దిగువన ఉన్నవారికి వెంటనే కబురు చేసి, తూము తెరిచి మట్టం దించండి. చాలామంది ఇక్కడ చేసే తప్పు, నీరు వచ్చే రంధ్రాన్ని బంకమన్నుతోనో సిమెంటుతోనో మూసేయడం. దారి మూసుకుపోయిన నీరు లోపల ఒత్తిడి పెంచుకుని మరోచోట బయటపడుతుంది. దానికి నీటిని పోనిచ్చి మట్టిని ఆపే పొర కావాలి. ముందు ముతక ఇసుక, దాని మీద కంకర, ఆపైన రాళ్లు. ఈ వరుస తిరగబడితే పని చేయదు. కట్ట అడుగున నేలలోంచి బుగ్గలా ఉబికి వస్తుంటే దాని చుట్టూ ఇసుక బస్తాలు గుండ్రంగా పేర్చి, లోపల నీరు కొంత ఎత్తు నిలవనివ్వండి. ఆ బరువుకు ఉరవడి తగ్గి మట్టి రావడం ఆగుతుంది. ఇదంతా ఇంజనీరు వచ్చేవరకు నడిపే ప్రథమ చికిత్స మాత్రమే.

ఇలాంటి ఆపద లేనప్పుడు, మామూలు మరమ్మతు కోసం మట్టం దించేటప్పుడు రోజుకు అడుగు దాటనివ్వకండి. నానిన లోపలి వాలుకు ఆసరాగా ఉన్న నీరు ఒక్కసారిగా తగ్గితే అది జారిపోతుంది.

కట్టలో బొరియలు

నీటి అంచున ఎండ్రకాయలు, వెలుపల ఎలుకలు, ముళ్లపందులు, ఉడుములు. వాలు నిటారుగా ఉండి పొదలు దట్టంగా పెరిగితే అవి వచ్చి తీరతాయి. వాటి తప్పేమీ లేదు. బొరియ కనబడగానే పూడ్చేయకండి. సాయంత్రం దాని నోటి దగ్గర జల్లించిన బూడిద పరచి తెల్లవారి చూడండి. అడుగుల గుర్తులుంటే లోపల కాపురం ఉన్నట్టే. పిల్లల కాలం దాటేవరకు ఆగి, వన్యప్రాణి శాఖను అడిగి ఖాళీ చేయించండి. తర్వాత నీరు దించి, బొరియ చివరిదాకా తవ్వి, తడి బంకమన్నును జానెడుకు మించని పొరలుగా వేసి దిమ్మిస కొట్టండి. నోరు మాత్రమే పూడిస్తే సొరంగం అలాగే మిగిలిపోతుంది. లోపలి వాలుకు నీటి అంచున కంకర పరచి రాళ్లు పేర్చండి. అవతలి ఒడ్డున ఒక మట్టిదిబ్బ పోస్తే తవ్వుకునే జంతువులకు వేరే చోటు దొరుకుతుంది.

కట్ట మీద చెట్లు, పగుళ్లు

మొలకగా ఉన్నప్పుడే పీకాలి. పెద్ద చెట్టును నరికి మోడు వదిలేస్తే ఇంకా ప్రమాదం. వేళ్లు కుళ్లి, వాటి చోట నీటికి గొట్టాలు మిగులుతాయి. నీరు తక్కువగా ఉన్నప్పుడు వేళ్లతో సహా తీసి గట్టిగా పూడ్చాలి. పగుళ్లలో కట్ట పొడవునా వచ్చేవి చాలావరకు జారుడుకు సూచన. కట్టకు అడ్డంగా వచ్చేవి ఇంకా చెడ్డవి, నీరు ఆ వైపు నుంచి ఈ వైపుకు నేరుగా దాటగలదు. అడ్డంగా వచ్చిన పగులును అడుగుదాకా తవ్వి మళ్లీ నింపాలి. జారుడు పగులుకు అదొక్కటే చాలదు, ఇంజనీరుకు చూపించండి.

నీరు నిండుగా ఉంది, పక్షులే రావడం లేదు

అలుగు మీద ఇటుకలు పేర్చి ఇంకాస్త నీరు ఆపుదామనే ఆలోచన ఇక్కడే వస్తుంది. వద్దు. వరద వచ్చిన రోజు నీరు కట్ట మీదుగా పొర్లుతుంది, పొర్లితే మట్టికట్ట నిలవదు. పైగా కొరత నీటిది కాదు, లోతు తక్కువగా ఉండే చోటుది. గిన్నెలా తవ్విన కుంటలో ఉల్లంకి పిట్ట కాలు మోపలేదు, దానికి నాలుగు వేళ్ల నీరు చాలు. తలకిందులై మేసే బాతులకు సుమారు అడుగు లోతు. కట్టకు దూరంగా ఉన్న ఒడ్డును పది అడుగులకు ఒక అడుగు దిగేంత మెల్లని వాలుగా చెక్కండి. తవ్విన మట్టితో మధ్యలో ఒక లంక పోయండి. నీటిలో నిలిచి ఎండిన చెట్టు ఉంటే కొట్టకండి, నీటికాకి రెక్కలు ఆరబెట్టుకునేది దాని మీదే. ఎప్పుడైనా ఒక ఏడు కుంట పూర్తిగా ఎండిపోయినా బెంగ వద్దు. చేపలు పోతే కప్పపిల్లలకు ప్రాణం లేచి వస్తుంది.

తెల్లవారుజామున చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తున్నాయి

పైనుంచి ఎరువు, పేడ కొట్టుకొచ్చి నాచు ముదిరింది. అది రాత్రంతా ప్రాణవాయువు పీల్చుకోవడంతో సూర్యోదయానికి ముందు నీటిలో ప్రాణవాయువు అడుగంటుతుంది. నాచును మందు కొట్టి ఒకేసారి చంపితే కుళ్లి మిగిలినది కూడా లాగేస్తుంది. కొద్దికొద్దిగా తీసి దూరంగా పారేయండి. నీరు వచ్చే దారిలో గడ్డి పట్టీ పెంచండి.

బాతులు మెడ వాల్చి, ఎగరలేక పడి ఉన్నాయి

వేడి రోజుల్లో, కుళ్లిన నీటిలో పుట్టే బోటులిజం విషం కావచ్చు. చచ్చిన పక్షి మీది పురుగులను తిన్న బాతు కూడా పడిపోతుంది, అలా వరుస సాగుతుంది. కళేబరాలను రోజూ ఏరి కాల్చాలి లేదా లోతుగా పూడ్చాలి. అయితే బర్డ్ ఫ్లూ కూడా ఇలాగే కనిపించవచ్చు కాబట్టి ముందు పశువైద్యునికి చెప్పండి, వట్టి చేతులతో ఒక్క ఈకనైనా ముట్టుకోకండి.