బియ్యం మార్చినా బరువు తగ్గడం లేదా?

గ్లైసెమిక్ ఇండెక్స్ (జీఐ) అంటే మనం తిన్న పిండిపదార్థం రక్తంలో చక్కెరను ఎంత వేగంగా పెంచుతుందో చెప్పే అంకె. గ్లూకోజ్‌ని 100 అనుకుని మిగతావాటిని దానితో పోలుస్తారు. 55 లోపు ఉంటే తక్కువ, 70 దాటితే ఎక్కువ. టొరంటోలో డేవిడ్ జెంకిన్స్ బృందం 1981లో షుగర్ ఉన్నవాళ్ల కోసం ఈ లెక్క మొదలుపెట్టింది. జీఐ తక్కువ ఉన్న తిండి నెమ్మదిగా అరుగుతుంది కాబట్టి చాలామందికి ఆకలి ఆలస్యంగా వేస్తుంది. బరువు విషయంలో దాని సాయం అంతవరకే, కొవ్వును అది కరిగించదు.

సమస్య: తెలంగాణ సోనాకు మారి రెండు నెలలైంది, కాటా కదల్లేదు.

కారణం గరిటెలో ఉంది. రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఇచ్చిన ఈ ఆర్‌ఎన్‌ఆర్ 15048 రకం జీఐ దాదాపు 51, మామూలు తెల్లన్నానిది 70 చుట్టుపక్కల. తేడా నిజమే. కానీ "షుగర్ ఫ్రీ బియ్యం" అని పేరు పెట్టుకుని మనం ఇంకో గరిటె ఎక్కువే వడ్డించుకుంటాం. ఒకసారి మా ఇంట్లో మధ్యాహ్నం కంచంలో అన్నాన్ని తూచి చూశాను. నాలుగు గరిటెలు, 320 గ్రాములు. అంటే పిండిపదార్థం 90 గ్రాములు, 400 పైన క్యాలరీలు. 90ని 51తో గుణించి 100తో భాగిస్తే గ్లైసెమిక్ లోడ్ (జీఐతో పాటు ఎంత తిన్నామో కూడా కలిపి చూసే లెక్క) 46 వస్తుంది. 20 దాటితేనే ఎక్కువ కింద లెక్క!

పరిష్కారం: అదే బియ్యం, రెండు గరిటెలు. ముందు కూర, పప్పు సగం తిని, ఆ తర్వాత అన్నం కలుపుకోండి. పీచు, మాంసకృత్తులు ముందు కడుపులో పడితే చక్కెర నెమ్మదిగా పెరుగుతుంది. చింతపండు, నిమ్మరసం పులుపు కూడా కొంత పనికొస్తుంది. చద్దన్నంలో కొంత పిండి అరగని రకంగా మారుతుంది, నిజమే. అలాగని గిన్నెడు తినమని కాదు.

సమస్య: పొద్దున రాగి జావ తాగితే పదకొండింటికే ఆకలి.

రాగి మంచిదే, చిక్కంతా జావతోనే. మెత్తగా పట్టించిన పిండిని పల్చగా ఉడికించాక నోటికి నమిలే పని, కడుపుకి నూరే పని ఏమీ మిగలదు. గటగటా దిగిపోతుంది, గబగబా అరిగిపోతుంది. అందులో బెల్లం వేస్తే చెప్పనక్కర్లేదు. దాని బదులు పెసరట్టు వేసుకోండి, లేదంటే కొర్రల ఉప్మాలో కూరగాయ ముక్కలు సగానికి సగం వేయండి. జావే కావాలంటే పక్కన ఒక గుడ్డో, ఉడికించిన సెనగలో ఉండాలి.

సమస్య: అన్నీ తక్కువ జీఐవే, అయినా బరువు పెరుగుతోంది.

పల్లీలని అనుమానించండి. వాటి జీఐ 20 కూడా ఉండదు, కానీ 100 గ్రాముల్లో 560కి పైగా క్యాలరీలు. టీవీ ముందు డబ్బా పట్టుకుని కూర్చుంటే అంకెలు గుర్తుండవు. చిన్న గుప్పెడు ముందే గిన్నెలో వేసుకుని డబ్బా మూత పెట్టేయండి. బెల్లం, తేనె కూడా చక్కెరకు చుట్టాలే, టీలో ఏది వేసినా తగ్గించాల్సింది చెంచాలనే.

సమస్య: షుగర్ మాత్రలు వేసుకునేవాళ్లకి భోజనానికి ముందు చెమట, వణుకు.

అన్నం సగం చేసి, మాత్ర లేదా ఇన్సులిన్ మోతాదు మార్చకపోతే రక్తంలో చక్కెర మరీ పడిపోయి ఇలా జరగొచ్చు. దీన్ని ఆకలి అనుకుని ఓర్చుకోకూడదు. ఇక్కడ పల్లీలు, సెనగలు పనికిరావు, అవి నెమ్మదిగా అరుగుతాయి. వెంటనే మూడు చెంచాల చక్కెర లేదా గ్లూకోజ్ నీళ్లలో కలిపి తాగాలి. పావుగంటయ్యాక మీటర్‌తో రక్తంలో చక్కెర చూసుకుని, అది ఇంకా 70 లోపే ఉంటే మళ్లీ తాగాలి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. తేరుకున్నాక డాక్టర్‌కి "అన్నం ఇంత తగ్గించాను" అని గరిటెల లెక్కతో సహా చెప్పండి, మోతాదు మార్చాల్సింది ఆయనే.