ప్రభుత్వ నర్సు పోస్టా, ప్రైవేటు హాస్పిటలా: చేరేముందు వేసుకోవాల్సిన లెక్క

ముందు తేల్చుకోవాల్సింది జీతం కాదు. ఆ ప్రభుత్వ పోస్టు రెగ్యులరా, కాంట్రాక్టా, అవుట్‌సోర్సింగా అన్నది. విజయవాడ జీజీహెచ్ (ప్రభుత్వ సర్వజనాసుపత్రి) అయినా, గుంటూరు జీజీహెచ్ అయినా, ఒకే వార్డులో ఒకే పని చేసే ఇద్దరు స్టాఫ్ నర్సుల్లో ఒకరికి ఇంక్రిమెంట్లు, డీఏ ఉంటాయి, ఇంకొకరికి ఏటా రెన్యువల్ కోసం ఎదురుచూపులే ఉంటాయి. రెగ్యులర్ ఆర్డర్ చేతికొస్తే పెద్దగా ఆలోచించేదేమీ లేదు, చేరిపోండి. చిక్కంతా కాంట్రాక్టు దగ్గరే.

జీతం తక్కువనిపించి కాంట్రాక్టు పోస్టు వదిలేసే వాళ్లు చాలామంది మార్కుల సంగతి చూడరు. ఆంధ్రప్రదేశ్‌లో స్టాఫ్ నర్సు నియామకాలు ఇటీవలి ఏళ్లలో రాతపరీక్ష లేకుండా 100 మార్కుల మెరిట్ మీద జరిగాయి. అందులో 75 కోర్సు మార్కులకు. పాసైన తర్వాత గడిచిన ప్రతి ఏడాదికి ఒకటి చొప్పున గరిష్ఠంగా 10. ప్రభుత్వంలో చేసిన కాంట్రాక్టు లేదా అవుట్‌సోర్సింగ్ సర్వీసుకు గరిష్ఠంగా 15. ఈ సర్వీసు మార్కులు ప్రతి ఆరు నెలలకు పట్టణంలో 1, గ్రామీణంలో 2, గిరిజన ప్రాంతంలో 2.5. అంటే ప్రైవేటులో గడిపిన ఏడాదికి మీకు కలిసేది 1 మార్కు. ఆ 1కి సర్వీసు మార్కులు కూడా కలిపితే, నగరంలోని ప్రభుత్వాసుపత్రిలో అయితే 3, పల్లె పీహెచ్‌సీలో (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం) అయితే 5. ఐదు నెలలు చేసి మానేస్తే సర్వీసు మార్కు సున్నా. సర్టిఫికెట్ కూడా నోటిఫికేషన్‌లో ఇచ్చిన నమూనాలోనే, అధికారి సంతకంతో ఉండాలి.

లోకల్ కోటా, అంటే ఆ జోన్ వాళ్లకు ఉంచే పోస్టుల విషయంలో బెజవాడ వాళ్లు తరచూ పొరబడతారు. ఊళ్లు పక్కపక్కనే అయినా, 1975 రాష్ట్రపతి ఉత్తర్వుల జోన్లలో ఉమ్మడి కృష్ణా జిల్లా రెండో జోన్‌లో, గుంటూరు మూడో జోన్‌లో ఉన్నాయి. నాలుగు నుంచి పదో తరగతి దాకా స్టడీ సర్టిఫికెట్లు పెట్టకపోతే నాన్‌లోకల్ కింద వేస్తారు. కొత్త నోటిఫికేషన్ వచ్చినప్పుడల్లా జోన్లు, వెయిటేజీ (సర్వీసుకు కలిపే మార్కులు) మళ్లీ చదవండి.

మంగళగిరి ఎయిమ్స్ మీద కన్నుంటే దారి వేరు. ఎయిమ్స్ నర్సింగ్ ఆఫీసర్ల ఉమ్మడి పరీక్ష నార్సెట్ రాయాలి, వయసు జనరల్‌కు 30 లోపు ఉండాలి. కేంద్ర పే స్కేల్‌లో లెవెల్ 7, మూల వేతనం 44,900. జీఎన్ఎమ్ (నర్సింగ్ డిప్లొమా) చదివిన వాళ్లకు కనీసం 50 పడకల ఆసుపత్రిలో రెండేళ్ల అనుభవం అడుగుతారు. కాబట్టి ప్రైవేటులో చేరేటప్పుడే పడకల సంఖ్య కనుక్కోండి. మంగళగిరిలోనే పోస్టింగ్ వస్తుందని మాత్రం లెక్కలు కట్టుకోవద్దు, అది ర్యాంకును, ఆప్షన్లను బట్టి ఉంటుంది.

ఇక ప్రైవేటు జీతం. చెప్పిన అంకె కాదు, గంటకెంతో చూడండి. 12 గంటల డ్యూటీ 26 రోజులంటే 312 గంటలు, 24,000 ఇచ్చినా గంటకు 77 రూపాయలే. 8 గంటల డ్యూటీకి 20,000 ఇస్తే గంటకు 96. తర్వాతి షిఫ్టుకు డ్యూటీ అప్పగించే హ్యాండోవర్‌కు పట్టే అరగంట కూడా కలుపుకోండి. పీఎఫ్‌లో యాజమాన్యం వాటాను కూడా మీ జీతంలోంచే చూపిస్తున్నారేమో అడగండి. 2016లో సుప్రీంకోర్టు ఆదేశంతో ఏర్పడిన కమిటీ 50 పడకల లోపు ప్రైవేటు ఆసుపత్రుల్లో కూడా నర్సు జీతం నెలకు 20,000కు తగ్గకూడదని సిఫారసు చేసింది. అది అడగడానికి పనికొస్తుంది, ఇప్పించడానికి కాదు.

గల్ఫ్ ఆలోచన ఉన్నవాళ్లకు మంచి ఐసీయూలో రెండేళ్లు ప్రైవేటే మేలు.

ఎక్కడ చేరినా ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇవ్వకండి, జిరాక్సులు చాలు. బాండ్ పేరుతో ఒరిజినల్స్ హాస్పిటల్ బీరువాలో ఉండిపోతే ప్రభుత్వ పోస్టు సర్టిఫికెట్ వెరిఫికేషన్ రోజున మీ పేరు పిలిచినా చూపించడానికి చేతిలో ఏమీ ఉండదు. నోటీసు ఎన్ని రోజులో ఆఫర్ లెటర్‌లో రాయించుకోండి.