బల్దియాపై విచారణ కోరే తీర్మానం సభలో ఓటు దాకా చేరాలంటే

స్థానిక పాలన రాజ్యాంగంలోని రాష్ట్ర జాబితాకు చెందిన అంశం కాబట్టి, గ్రేటర్ వరంగల్ నగరపాలక సంస్థ (బల్దియా) తీరుపై విచారణ జరిపించాలనుకునే వారు పార్లమెంటును కాక శాసనసభను ఆశ్రయించాలి. 1952 నాటి విచారణ కమిషన్ల చట్టం మూడో సెక్షన్ ప్రకారం ప్రభుత్వం తనకు అవసరమని తోస్తే కమిషన్‌ను నియమించవచ్చు. అదే శాసనసభ, శాసనమండలి రెండూ తీర్మానం చేస్తే నియమించి తీరాలి.

అయితే ఆ చట్టం కోరేది ప్రజా ప్రాముఖ్యం గల 'నిర్దిష్టమైన' విషయం. 'బల్దియాలో అంతా అవినీతే' అని వినతిపత్రం రాస్తే ఎమ్మెల్యే తీసుకుని పక్కన పెట్టడం తప్ప చేయగలిగేది ఉండదు. 2020 ఆగస్టు వరదల్లో హన్మకొండ కాలనీలు మునిగాక నాలాల ఆక్రమణలపై చర్చ సాగింది. అలాంటి సందర్భంలో ఏ నాలా, ఏ సర్వే నంబరు, అనుమతి ఏ తేదీన వచ్చిందన్నంత వరకు విషయాన్ని కుదించి రాయాలి.

అందుకు ముందుగా సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో దరఖాస్తు చేయాలి. జవాబుకు గడువు 30 రోజులు. మోరీ పనైతే అంచనా పత్రం, ఎం.బుక్ (చేసిన పని కొలతలు రాసే పుస్తకం), చెల్లించిన బిల్లు మూడూ కలిపి అడగండి, ఎందుకంటే ఎం.బుక్‌లో రాసిన పొడవును టేపుతో మీరే కొలిచి చూసుకోవచ్చు. పనిని తనిఖీ చేసే హక్కు, వాడిన సామగ్రి నమూనా తీసుకునే హక్కు కూడా ఆ చట్టంలోనే ఉన్నాయి. వీటిని వాడుకునేవారే తక్కువ.

ఈ కాగితాలతో మీ ఎమ్మెల్యేను కలిసి, తీర్మానానికి నోటీసు ఇవ్వమని కోరండి. 119 మంది ఉన్న సభలో కోరానికి, అంటే సభ నడవడానికి ఉండాల్సిన కనీస హాజరుకు, 12 మంది చాలు, హాజరై ఓటేసిన వారిలో మెజారిటీ వస్తే తీర్మానం నెగ్గుతుంది. కానీ అధికారపక్షం కలిసిరాకుండా నెగ్గడం కష్టమే. అందుకే డివిజన్ (ఎవరు ఎటు ఓటేశారో నమోదయ్యే ఓటింగ్) కోరమని ఎమ్మెల్యేకు గట్టిగా చెప్పాలి, ఎందుకంటే మూజువాణి ఓటులో ఎవరు ఎటు పలికారో రికార్డుల్లో మిగలదు. తర్వాత మండలిలోనూ ఇదే ప్రయత్నం మళ్లీ చేయాలి.

కమిషన్ నివేదిక ఇచ్చాక, తీసుకున్న చర్యల వివరంతో సహా ప్రభుత్వం ఆరు నెలల్లో దాన్ని సభ ముందుంచాలి. నివేదిక అందిన తేదీని ఎక్కడైనా రాసిపెట్టుకోండి. గడువు దాటితే సభలో ప్రశ్న వేయించడానికి అది కావాలి.