ధ్రువ ప్రాంతాల శిలాజ కలపను కోసే ముందు

తిరుపతిలో భూగర్భశాస్త్రమో వృక్షశాస్త్రమో చదువుతూ, అంటార్కిటికా నుంచి గానీ ఆర్కిటిక్ దీవుల నుంచి గానీ అరువుగా వచ్చిన శిలాజ కలప మీద ప్రాజెక్టు మొదలుపెట్టబోయే విద్యార్థులు రంపం దగ్గరికి వెళ్లేలోపు కాగితాల దగ్గర ఆగాలి. అంటార్కిటికాలో శాస్త్ర పరిశోధనకు తప్ప ఖనిజ సంబంధమైన ఏ పనికీ 1991 నాటి మాడ్రిడ్ ఒడంబడిక అనుమతించదు. మన దేశంలో 2022 నాటి అంటార్కిటికా చట్టం కూడా అక్కడి నమూనాల సేకరణకు అనుమతి పత్రం అడుగుతుంది. ముక్క ఎక్కడిది, ఏ పొరలోది, వేళ్లతో సహా నిలబడి ఉన్న మొద్దుదా లేక నీటికి కొట్టుకువచ్చి పూడినదా అన్న వివరం లేకపోతే, సూక్ష్మదర్శినిలో చూడటానికి ఎంత చక్కని స్లయిడు చేసినా దాని విలువ సగానికి పైగా పోయినట్టే. 1912 ఫిబ్రవరిలో దక్షిణ ధ్రువం నుంచి తిరిగివస్తున్న స్కాట్ బృందం అంటార్కిటికాలోని బియర్డ్‌మోర్ హిమానీనదం పక్కన ఏరి, ప్రాణాలు పోయేదాకా వెంట లాక్కెళ్లిన సుమారు 16 కిలోల రాళ్లలో గ్లోసాప్టెరిస్ అనే అంతరించిన చెట్టు ఆకు అచ్చులు బయటపడ్డాయి. అవే అచ్చులు మన గోదావరి లోయ బొగ్గు పొరల్లోనూ ఉన్నాయి. ఈ రెంటినీ కలిపి చూడగలిగామంటే, ఏ రాయి ఎక్కడిదో రాసిపెట్టినవారి పుణ్యమే.

తరువాత ముక్క ఏ స్థితిలో ఉందో తేల్చుకోవాలి. చాలావరకు సిలికా నిండి రాయిగా మారినవే వస్తాయి. కొన్నింటిలో కాల్సైట్ అనే సున్నపు ఖనిజం నిండి ఉంటుంది. అంచున ఒక్క చుక్క సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం వేస్తే పొంగి ఆ సంగతి చెబుతుంది. కెనడాలోని ఆక్సెల్ హైబర్గ్ దీవిలో 4.5 కోట్ల ఏళ్ల నాటి మెటాసెక్వోయా అనే శంఖాకార వృక్షపు మొద్దులు రాయిగా మారనే లేదు, ఎండిన కలపగానే మిగిలాయి. అటువంటి ముక్కను రాతి రంపం కింద నీటిలో పెడితే ఉబ్బి, ఆరేటప్పుడు చీలిపోతుంది. దాన్ని కలపలాగే పదునైన బ్లేడుతో పలుచగా కోయాలి.

సిలికా కలపను పొడిగా కోయడం, పొడిగా అరగదీయడం పూర్తిగా మానుకోవాలి. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి తెచ్చే సిలికోసిస్‌కు నయం చేసే మందు లేదు. చిత్తూరు, కుప్పం ప్రాంతాల గ్రానైట్ యూనిట్లలో పనిచేసేవారికి ఈ సంగతి ఒకరు చెప్పనక్కరలేదు. వజ్రపు రంపం మీద నీరు ధారగా పడుతూ ఉండాలి, ముఖానికి గుడ్డ కాక సరైన రెస్పిరేటర్ ఉండాలి, నేల మీద చేరిన బురదను ఆరనివ్వకుండా తడిగానే తుడిచేయాలి. చెయ్యి అలవాటు కావడానికి గ్రానైట్ యూనిట్ల దగ్గర మిగిలే ముక్కలు చాలు. సాధన కోసమని పక్క రాష్ట్రంలోని తిరువక్కరై శిలాజ వనం నుంచి ముక్క ఏరుకురావడం నేరం కూడా.

అసలు ప్రమాదం హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంతో. కోసిన ముఖాన్ని ఈ ఆమ్లంతో కొద్దిగా తినిపించి, అసిటోన్ పోసి, అసిటేట్ ఫిల్ము అంటించి, ఆరాక ఒలిచే పద్ధతిలో కణాల గోడలు అద్భుతంగా వస్తాయి, నిజమే. కానీ ఈ ఆమ్లం చర్మం గుండా లోపలికి దిగి రక్తంలోని కాల్షియాన్ని లాగేస్తుంది. పలుచని ద్రావణమైతే గంటల దాకా నొప్పి తెలియకపోవచ్చు, అందుకే అది మరింత మోసకారి. మొదటిసారి చేసే విద్యార్థికి ఇది అవసరం లేదన్నదే నా అభిప్రాయం, 0.03 మిల్లీమీటర్ల మందానికి అరగదీసిన పలుచని కోతతో గుర్తింపు పని దాదాపు అంతా అయిపోతుంది. తప్పనిసరైతే గైడు పక్కన ఉండగా, పనిచేస్తున్న ఫ్యూమ్‌హుడ్‌లో (ఆవిర్లను బయటికి లాగే గూటిలో), మందపాటి నియోప్రీన్ చేతిజోళ్లు, ముఖకవచం, ఏప్రన్ ధరించి, ప్లాస్టిక్ పాత్రలోనే చేయాలి, ఎందుకంటే ఈ ఆమ్లం గాజును తినేస్తుంది. కాల్షియం గ్లూకోనేట్ జెల్ గడువు తేదీ చూసి చేతికందేలా ఉంచుకోవాలి. చుక్క పడితే తడిసిన బట్టలు వెంటనే విప్పి, ధారాళంగా నీటితో కడిగి, జెల్ రుద్దుతూనే ఆసుపత్రికి బయలుదేరాలి. రుయాలో గానీ స్విమ్స్‌లో గానీ ఈ కాలిన గాయానికి చికిత్స అందుబాటులో ఉందో లేదో ముందురోజే కనుక్కోవాలి. కరెంటు పోతే ఫ్యూమ్‌హుడ్ ఆగుతుంది, కనుక పనీ ఆగాలి. మే నెల ఎండల్లో అసిటోన్ క్షణాల్లో ఆవిరై ఫిల్ము కింద బుడగలు మిగులుస్తుంది, దాని ఆవిరికి నిప్పంటుకోవడమూ తేలికే. కార్తీక మాసపు వానల్లో గాలి తేమకు ఫిల్ము తెల్లగా మసకబారుతుంది. సంక్రాంతి దాటాక వచ్చే పొడి, చల్లని ఉదయాలే ఈ పనికి అనువు.

కోతలు మూడూ తీయాలి: అడ్డుకోత, వ్యాసార్థం వెంట నిలువుకోత, దానికి లంబంగా, బెరడుకు సమాంతరంగా నిలువుకోత. అడ్డుకోతలో వలయాలు అందంగా కనబడగానే పేరు పెట్టేయాలనిపిస్తుంది. నెలల తరబడి చీకటి ఉండే చోట పెరిగిన చెట్టుకు వలయం అంచు తరచు ఒక్కసారిగా తెగినట్టు ఉంటుందే తప్ప, అది జాతిని చెప్పదు. దారునాళాలు, అంటే నీరు పైకి పోయే వెడల్పాటి గొట్టాలు, ఉన్నాయా లేవా అన్నది ముందు చూడాలి. సరుగుడు ఆకులు చూసి పైన్ అనుకునేవారు ఉన్నారు గానీ, సరుగుడు కలపలో దారునాళాలు ఉంటాయి, పైన్‌లో ఉండవు. ఈ రెండింటి స్లయిడ్లూ పక్కన పెట్టుకుంటే కన్ను కుదురుతుంది. ఎర్రచందనం స్లయిడు కావాలంటే విభాగంలో ఉన్నదే వాడాలి, అడవిలో చెక్కు తీయకూడదు. దారుకణాల (నీరు మోసే సన్నని పొడవాటి కణాల) గోడ మీది గర్తాలు, అంటే గోడ పలుచబడిన చిన్న చోట్లు, షడ్భుజాలుగా ఒకదాన్నొకటి ఒరుసుకొని ఉన్నాయా, గుండ్రంగా విడివిడిగా ఉన్నాయా అన్నదీ, మాను మధ్య నుంచి బెరడు వైపు సాగే కిరణ కణాలు ఆ దారుకణాలను దాటే చోట గర్తాలెన్ని అన్నదీ వ్యాసార్థ కోతలోనే తెలుస్తుంది.

అంటార్కిటికాలోని పర్మియన్, ట్రయాసిక్ యుగాల (సుమారు 30 నుంచి 20 కోట్ల ఏళ్ల కిందటి) కలపలో శిలీంధ్రాలు తిన్న గుంటలు ఉంటాయి. వాటిని చెట్టు సొంత నిర్మాణంగా రాయకూడదు. ఒరిగి పెరిగిన చెట్టు కణాల్లోని వాలు పగుళ్లు కణం గోడ లోపల మెలికలుగా సహజంగా ఏర్పడే సర్పిల దళసరుల్లా భ్రమింపజేస్తాయి. వేరు, కొమ్మ, మాను ఒకే చెట్టువైనా మూడు చెట్లలా కనిపిస్తాయి. అన్నింటికన్నా ముఖ్యంగా, అగాథోజైలాన్ అన్న పేరు కలప నిర్మాణానికే గానీ ఒక చెట్టుకు కాదు. అరకేరియా అనే శంఖాకార వృక్షాల కుటుంబానికీ, గ్లోసాప్టెరిస్‌కూ అదే రకపు కలప ఉండవచ్చు. పక్కన ఆకో కాయో దొరకనంతవరకు చీటీ మీద కలప పేరు వరకే రాసి ఆగాలి. ముక్కలో కనీసం సగం కోయకుండా మిగిల్చి, ప్రతి స్లయిడు మీదా దాని సంఖ్యే వేసి, అరువిచ్చిన సంస్థకు రెండూ కలిపి పంపాలి.