బ్లడ్ గ్రూపును బట్టి స్వభావం: మీరే పరీక్షించుకోండి

‘ఎ’ గ్రూపు వాళ్లు పద్ధతిగా ఉంటారట, ‘బి’ వాళ్లు ఎవరి మాటా వినరట, ‘ఓ’ వాళ్లకు చొరవ ఎక్కువట, ‘ఎబి’ వాళ్లు ఓ పట్టాన అర్థం కారట. జపాన్‌లో 1927లో ఫురుకవా తకెజీ రాసిన ఈ వాదాన్ని 1970లలో నోమి మసహికో జనంలోకి తెచ్చారు. నిజానికి గ్రూపుల తేడా ఎర్రకణాల మీదుండే చక్కెర అణువుల్లోనిది.

నాలుగు వర్ణనలనూ గ్రూపు పేర్లు తీసేసి నాలుగు కాగితాల మీద రాయండి. ఒక్కో గ్రూపు నుంచి 10 మంది చొప్పున 40 మందిని తీసుకుని (‘ఎబి’ వాళ్లు దొరకడమే కష్టం), తమకు సరిపోయే కాగితం ఎంచుకోమనండి. సంఖ్య సమానంగా ఉండాల్సిందే. ‘ఓ’ వాళ్లు ఎక్కువై, ‘ఓ’ వర్ణన అందరికీ నచ్చేదైతే, ఏ సంబంధం లేకపోయినా లెక్క కుదిరినట్టే కనిపిస్తుంది. సమానంగా ఉంటే అందరూ ఒకే కాగితం తీసినా సరిపోయేది 10 మందికే.

గ్రూపు నోటిమాటగా చెబితే ఒప్పుకోవద్దు, ల్యాబ్ రిపోర్టు చూడాలి. కాగితాలిచ్చే మనిషికి ఎదుటివారి గ్రూపు తెలియకూడదు. ఈ వర్ణనలు ముందే చదివినవాళ్లు వద్దు: వాళ్లు తమను వాటి ప్రకారమే ఊహించుకుంటారు. పరీక్ష ఎక్కువగా చెడేది ఇక్కడే.

తమ గ్రూపు కాగితమే ఎంచుకున్నవాళ్లను లెక్కపెట్టండి. 10కి అటూ ఇటూ వస్తే కాకతాళీయమే. 16 దాటితే కొత్తవాళ్లతో మళ్లీ చేయండి.