మార్కెట్లు, నీతి, పాలన: సమ్మర్ ప్రోగ్రాంకి మన జిల్లా నుంచే ప్రిపేర్ అవ్వండి

డిగ్రీ పిల్లల కోసం వేసవిలో కొన్ని యూనివర్సిటీలు ఎకనామిక్స్, ఫిలాసఫీ, పొలిటికల్ సైన్స్ కలిపి చిన్న ప్రోగ్రాంలు నడుపుతాయి. చాలావాటిలో మీ గ్రూప్ ఏదన్నది అడ్డు కాదు, కాబట్టి శ్రీకాకుళంలో బీకాం చదువుతున్నా, విజయనగరంలో బీఎస్సీ చదువుతున్నా అప్లై చేయండి. మనవాళ్లు ఆగిపోయేది ఎస్సే దగ్గర. సమాజానికి సేవ చేయాలని చిన్నప్పటి నుంచి కోరిక అని మొదలుపెడతారు, అందరూ అదే రాస్తారు. మీకు బాగా తెలిసింది మీ జిల్లా, దాన్ని రాయండి.

పలాస జీడినే తీసుకోండి. రైతు పిక్కల్ని 80 కిలోల బస్తా లెక్కన అమ్ముతాడు. ఒకసారి వెళ్లి ఆ బస్తా ఎంతకి పోయింది, వ్యాపారి తరుగు ఎంత తీశాడు, ఫ్యాక్టరీలో పప్పు పొట్టు తీసే అక్కలకి కిలో లెక్కన ఇస్తున్నారా రోజుకూలీయా, అదే పప్పు షాపులో ఎంత పలుకుతోంది, ఇవన్నీ అడిగి తేదీ వేసి నోట్‌బుక్‌లో రాసుకోండి. ఆఫ్రికా నుంచి వచ్చే పిక్కల వల్ల ఇక్కడి రేటు ఎలా మారుతోందో వ్యాపారినే అడగండి. అక్కడిదాకా మార్కెట్. పొట్టు తీసే ఆమె చేతికి వచ్చేది న్యాయమైన కూలేనా, న్యాయమని దేన్ని బట్టి అంటాం, ఇది నీతి. కేంద్రం మద్దతు ధర ఇచ్చే 22 పంటల్లో జీడి లేదు, మరి ధర పడిపోతే రైతు ఎవర్ని అడగాలి, ఇది పాలన. ఎస్సేకి ఇంతకంటే మంచి సరుకు దొరకదు.

ఇంటర్వ్యూకి వాదన ప్రాక్టీస్ చేయాలి. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి, కరెంటు పోయింది. అలాంటి సమయంలో ఒకాయన విశాఖ నుంచి జనరేటర్ తెచ్చి, మోటార్ వేయడానికి గంటకి మామూలు కంటే మూడింతలు అడిగాడనుకోండి. తప్పా? రేటు ఉంటేనే ఇంకో నలుగురు జనరేటర్లు తెస్తారు, లేకపోతే ఎవరూ రారు అని ఒకరంటారు. డబ్బున్న ఇంటి ట్యాంకు నిండి, పక్కింటి ముసలమ్మ బిందె పట్టుకుని నిలబడితే అది పద్ధతేనా అని ఇంకొకరు. రేటు మీద హద్దు పెడితే ఆ జనరేటర్లు వెనక్కి పోతాయా, పంచాయతీయే అద్దెకి తెచ్చి వీధుల వంతున నడపొచ్చా అని మూడో మనిషి. ఇద్దరు ఫ్రెండ్స్‌తో కూర్చుని ఈ మూడు వైపులా మాట్లాడండి, సగంలో పక్షాలు మార్చుకోండి. మీకు నచ్చని వాదనని కూడా, అది నమ్మేవాళ్లు ‘అవును, నేననేది ఇదే’ అనేంత బాగా చెప్పగలగాలి. ఇలాంటి ప్రోగ్రాంలలో లెక్చర్ కంటే చర్చకే బరువెక్కువ.

చదవడానికి కొంచెమే పెట్టుకోండి. మార్కెట్ గురించి 1776లో రాసిన ఆడమ్ స్మిత్ అంతకుముందే, 1759లో, మనిషి నైతిక భావాల మీద ఒక పుస్తకం రాశాడు, కాబట్టి ఈ రెండిటినీ కలిపి చదవడం కొత్త ఫ్యాషనేమీ కాదు. ఎలినార్ ఆస్ట్రమ్ తప్పకుండా చదవాలి. ఉమ్మడి వనరుల్ని వాడుకునేవాళ్లే కట్టుబాట్లు పెట్టుకుని కాపాడుకోగలరని చూపినందుకు ఆమెకి 2009లో ఎకనామిక్స్ నోబెల్ వచ్చింది. ఆమెని చదివాక మీ ఊరి చెరువు దగ్గరకెళ్లి తూము ఎవరు తీస్తారు, నీళ్ల వంతు దగ్గర గొడవొస్తే ఎవరు తీరుస్తారు అని పెద్దవాళ్లని అడగండి.

ఆఫీసు లెక్కలు కావాలంటే 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. జవాబుకి 30 రోజుల గడువు ఉంటుంది కాబట్టి సంక్రాంతి లోపే పెట్టేస్తే మంచిది. ఇంగ్లీష్ అని టెన్షన్ పడొద్దు. ముందు తెలుగులో రాసుకుని, తర్వాత చిన్న చిన్న వాక్యాలుగా ఇంగ్లీష్‌లో పెట్టండి. రికమెండేషన్ లెటర్ ఆఖరి రోజున అడిగితే మాస్టారు అందరికీ రాసేదే మీకూ రాస్తారు, అందుకే ముందుగానే మీ నోట్‌బుక్ చూపించి అడగండి.

ఫీజు చూసి వెనక్కి తగ్గకండి. స్కాలర్‌షిప్ ఉందా, హాస్టల్, ప్రయాణం ఖర్చు ఇస్తారా అని మర్యాదగా ఒక మెయిల్ పెట్టండి, అడగడంలో నామోషీ ఏమీ లేదు. ఎవరు పాఠం చెప్తారో, ఏం చదివిస్తారో చెప్పకుండా సర్టిఫికెట్ ఇస్తామని ముందే డబ్బు కట్టమంటే మాత్రం వదిలేయండి. తేదీలు సెమిస్టర్ పరీక్షలతో కలుస్తున్నాయేమో చూసుకుని, కాలేజీలో పర్మిషన్ కాగితం మీదే తీసుకోండి, నోటిమాట మీద టికెట్ బుక్ చేయొద్దు.